టీవీ వాతావరణంలో ‘ఒకటి రెండు చోట్ల’ అన్న మాట ఏమైపోయింది?

మా బాబాయిది తెనాలి దగ్గర ఊరు. నాలుగెకరాల వరి. డిసెంబరులో కోతలయ్యి పనలు చేలోనే ఉన్న నాలుగు రోజులూ ఆయన టీవీ ముందు నుంచి లేవడు. అలాంటి ఒకరోజు పొద్దున ఆరున్నరకే ఫోన్.

“ఒరేయ్ అబ్బాయ్, టీవీలో మన జిల్లా మొత్తానికి నారింజ రంగేసి చూపిస్తున్నాడు. కుప్ప వేయించమంటావా?”

అడిగింది చిన్న ప్రశ్నే గానీ దాని వెనక చాలా ఉంది. పన సరిగ్గా ఆరకుండా కుప్ప వేస్తే లోపల వేడెక్కి గింజ రంగు మారుతుంది. వేయకుండా వదిలేస్తే, వాన పడితే చేలోనే మొలకలొస్తాయి. వాన భయం ఉన్న రోజున కూలి రేటు కూడా మామూలుగా ఉండదు.

నేను కొన్నేళ్లు ఒక న్యూస్ చానెల్ డెస్కులో పనిచేశాను. ఆ నారింజ రంగు ఎలా తయారవుతుందో తెలుసు కాబట్టి వాతావరణ శాఖ అసలు బులెటిన్ తెరిచి చూశాను. జిల్లాలో ‘ఒకటి రెండు చోట్ల’ భారీ వర్షం కురిసే అవకాశం ఉందని రాసి ఉంది. జిల్లా అంతా అని ఎక్కడా లేదు. బాబాయి అప్పటికే కుప్ప వేయించేశాడు. ఆ రోజు వాన పడింది కూడా. బాపట్ల వైపు.

టీవీ అబద్ధం చెప్పలేదు. వాతావరణ శాఖ తప్పు చెప్పలేదు. మరి బాబాయి కుప్ప కూలికి పెట్టిన రెండు వేలు ఎక్కడ పోయాయి? బులెటిన్‌కీ తెరకీ మధ్యలో పోయాయి. ఈ ముప్పై నలభై ఏళ్లలో టీవీలో వాతావరణం చెప్పే తీరు ఎంతో మారింది. బొమ్మలు బాగుపడ్డాయి, రంగులొచ్చాయి, యాంకర్లు నడుస్తూ చెబుతున్నారు. ఆ మార్పులో బరువైన మాటలు కొన్ని జారిపోయాయి.

‘ఒకటి రెండు చోట్ల’ అన్నది న్యూస్ రీడర్ నోటివాటంగా అన్న మాట కాదు. దానికి కొలత ఉంది. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పాతిక శాతం లోపు చోట్ల వాన పడితే ‘ఒకటి రెండు చోట్ల’ అంటారు. 26 నుంచి 50 శాతం దాకా అయితే ‘కొన్ని చోట్ల’, 51 నుంచి 75 దాకా ‘చాలా చోట్ల’, అది కూడా దాటితే ‘దాదాపు అన్ని చోట్ల’. చిన్నప్పుడు రేడియోలో వింటూ ‘వీళ్లకి ఈ నాలుగు ముక్కలు తప్ప ఇంకేం రాదా’ అని నవ్వుకున్న మాటలివే. నాలుగూ నాలుగు వేర్వేరు లెక్కలు.

‘భారీ’ కూడా అంతే. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 దాకా పడితే భారీ వర్షం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ. ఆపైన అత్యంత భారీ. పేపర్లలో వీటినే సెంటీమీటర్లలో 7, 12, 21 అని చూస్తుంటాం. ఆ 24 గంటలు కూడా క్యాలెండర్ రోజు కాదు. ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర దాకా ఒక రోజు. ‘ఈరోజు భారీ వర్షం’ అని విని, రాత్రి పదింటికి ఆకాశంలో చుక్కలు చూసి ‘ఏదీ నీ వాన’ అని నవ్వేవాళ్లకి ఇంకా పది గంటల గడువు మిగిలే ఉంటుంది.

అన్నింటికంటే ఎక్కువ నలిగిపోయింది ‘అవకాశం ఉంది’. ఐఎండీ (భారత వాతావరణ శాఖ) ఇంగ్లిష్ బులెటిన్లలో దీనికి మెట్లున్నాయి. జరిగే వీలు పాతిక నుంచి యాభై శాతం ఉంటే ఒక మాట, యాభై నుంచి డెబ్భై అయిదు దాకా ఇంకో మాట, డెబ్భై అయిదు దాటితే మరో మాట. తెలుగులోకి వచ్చేసరికి మూడూ ‘అవకాశం ఉంది’లోకే ఒదిగిపోతాయి. ముప్పై శాతానికీ అదే మాట, ఎనభై శాతానికీ అదే. అందుకే జనానికి అది తప్పించుకునే మాటలా వినిపిస్తుంది. “పడితే పడొచ్చు, లేకపోతే లేదు, అంతేగా” అంటాడు బాబాయి. కాదు అని చెప్పాలంటే నేను ఇంగ్లిష్ బులెటిన్ తెరవాలి.

డెస్కులో ఇది ఎలా జరుగుతుందో ఒకసారి చూడండి. మధ్యాహ్నం బులెటిన్ వస్తుంది, రెండు మూడు పేజీలు. రన్‌డౌన్ (ఏ వార్త తర్వాత ఏది అన్న వరస) మీద కూర్చున్నాయన ‘వెదర్ ఏమైనా ఉందా’ అని అరుస్తాడు. బ్రేకింగ్ ప్లేటులో, అంటే తెర మీద పెద్ద అక్షరాలతో వచ్చే పట్టీలో, పట్టేది అయిదారు మాటలు. ‘గుంటూరు జిల్లాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షం కురిసే అవకాశం ఉంది’ అన్న వాక్యంలో ఏది తీసేస్తారు? జిల్లా పేరు తీయలేరు, ‘భారీ’ తీస్తే వార్తే లేదు. ‘ఒకటి రెండు చోట్ల’ పోతుంది, ‘అవకాశం ఉంది’ పోతుంది. ‘గుంటూరు జిల్లాకు భారీ వర్షం’ మిగులుతుంది. నేనూ ఇలాంటివి వందల ప్లేట్లు రాశాను. ఎవరికీ దురుద్దేశం ఉండదు. చోటు ఉండదు.

ఆ తర్వాత గ్రాఫిక్స్. మ్యాపులో రంగు నింపడానికి ఉన్న అతి చిన్న గడి జిల్లా. జిల్లాలో పాతిక శాతానికి రంగేయడం కుదరదు, ఎందుకంటే ఆ పాతిక శాతం ఎక్కడో శాస్త్రవేత్తలకే తెలియదు. కాబట్టి జిల్లా మొత్తానికీ రంగు పడుతుంది. చూసేవాడికి అది ‘మా ఊరికి కూడా’ అనే అర్థమవుతుంది. ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. 2016లో తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. గడులు చిన్నవయ్యేసరికి తెర మీద అంచనా ఒక్క రాత్రిలో సూక్ష్మంగా మారినట్టు కనిపించింది. మారింది రెవెన్యూ సరిహద్దులు, మేఘాలు కాదు.

ఇక రంగుల సంగతి. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఇవి వాన కొలతలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇవి చేయాల్సిన పనికి గుర్తులు. ఆకుపచ్చ అంటే హెచ్చరిక ఏమీ లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే కదలండి. ముఖ్యంగా విపత్తుల అధికారుల కోసం పెట్టిన పద్ధతి ఇది. కలెక్టరు ఎప్పుడు పడవలు తెప్పించాలి, బడులకి ఎప్పుడు సెలవివ్వాలి అన్నదానికి పనికొస్తుంది. జిల్లా మొత్తాన్ని చూసుకోవాల్సిన కలెక్టరుకి, ఏదో ఒక మండలంలో పడుతుందన్నా సిద్ధం కావాల్సిందే. నాలుగెకరాల మనిషికి ఆ లెక్క వేరు. ఒకే రంగు ఇద్దరికీ ఒకే మాట చెప్పలేదు.

వెనక్కి వెళ్తే, 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. నెల తిరక్కుండానే, నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పది వేల మందికి పైగా పోయారు. అప్పటికి దివిసీమ గుడిసెల్లో టీవీ అన్న మాటే లేదు, రేడియో కూడా అరుదే. 1983 ఆగస్టులో ఇన్‌శాట్-1బి వెళ్లాక రెండు పనులు ఒకేసారి జరిగాయి. దేశమంతటికీ టీవీ ప్రసారాలు అందించడం, మేఘాల ఫొటోలు తీయడం, రెండూ ఆ ఒక్క ఉపగ్రహం పనే. టీవీ, టీవీలో కనిపించే మేఘం ఒకే చోటు నుంచి దిగాయన్నమాట. వార్తల చివర దేశం పటం మీద తెల్లటి దూది పింజల్లాంటి బొమ్మ, నాలుగు మహా నగరాల ఉష్ణోగ్రతలు, అంతే. మద్రాసులో ఎంత ఎండో తెలిసేది గానీ మా మండలంలో ఎంతో తెలిసేది కాదు. అయితే ఆ బొమ్మ ఏం చెబుతోందో అనుమానం ఉండేది కాదు. కొన్ని గంటల కిందట మేఘాలు ఇలా ఉన్నాయి అని, అంతవరకే.

ఇప్పుడు తెర మీద మూడు రకాల బొమ్మలు వస్తున్నాయి. మూడింటినీ యాంకరు ఒకే ఊపులో ‘చూడండి, ఇప్పుడు పరిస్థితి ఇది’ అంటారు. తికమకంతా అక్కడే ఉంది.

మొదటిది ఉపగ్రహ చిత్రం. ఇప్పుడు ఇన్‌శాట్-3డిఆర్, 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్‌శాట్-3డిఎస్ లాంటివి పంపుతున్నాయి. ఇది నిజంగా తీసిన ఫొటో, కాకపోతే మేఘాన్ని పైనుంచి చూస్తుంది. తెల్లగా ఉన్నంత మాత్రాన కింద వాన పడుతున్నట్టు కాదు.

రెండోది రాడార్. విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాద్‌లలో ఉన్న డాప్లర్ రాడార్లు మేఘంలోని నీటి చుక్కలకి తగిలి తిరిగొచ్చే తరంగాలను కొలుస్తాయి. వచ్చే రెండు మూడు గంటల్లో ఎక్కడ పడుతుందన్నదానికి ఇంతకంటే పనికొచ్చే బొమ్మ లేదు. టీవీలో మాత్రం చాలా తక్కువగా కనిపిస్తుంది, చూడ్డానికి అందంగా ఉండదు మరి.

మూడోది, ఈమధ్య అందరికీ ఇష్టమైనది, విండీ లాంటి యాప్ తెరిచి పెద్ద స్క్రీన్ మీద చూపించడం. బంగాళాఖాతంలో గాలి గీతలు సుడులు తిరుగుతూ ఉంటాయి, యాంకరు వేలితో చూపిస్తారు. లైవ్ కెమెరా పెట్టినట్టే ఉంటుంది. అది ఫొటో కాదు. కంప్యూటర్ వేసిన లెక్క. ఇప్పటి గాలి, తేమ, పీడనం వివరాలు తీసుకుని, ఇన్ని గంటల తర్వాత ఇలా ఉండొచ్చు అని ఒక మోడల్ గీసిన బొమ్మ. మోడల్ మారిస్తే తుపాను ఒంగోలు వదిలేసి కాకినాడ పోతుంది. పక్కనే బటన్ ఉంటుంది, నొక్కి చూపించవచ్చు. నొక్కరు. ఒకే బొమ్మ చూపిస్తే జోస్యంలా ఉంటుంది, మూడు చూపిస్తే ‘వీళ్లకే తెలీదు’ అన్నట్టు ఉంటుంది. వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికీ తెలియదన్న సామెత పుట్టిన భాషలో, తెలియదని ఒప్పుకోవడానికి ఇంత మొహమాటం ఎందుకో నాకు అర్థం కాదు.

మధ్యలో చిన్న మాట. ‘ఉపరితల ఆవర్తనం సముద్ర మట్టానికి 3.1 కిలోమీటర్ల ఎత్తులో కొనసాగుతోంది’ అని వింటుంటాం కదా. ఎక్కువగా వినిపించేవి 1.5, 3.1, 5.8. రెండుంబావు, నాలుగు ఎందుకు ఉండవు? వాతావరణ బెలూన్లు ఎగరేసినప్పుడు కొన్ని నిర్ణీత పీడనాల దగ్గర గాలిని పోల్చి చూస్తారు. 850, 700, 500 హెక్టాపాస్కల్స్. ఆ పీడనాలు ఉండే ఎత్తులు సుమారుగా ఇవి. అంటే సుడిగాలి సరిగ్గా 3.1 దగ్గర కూర్చుందని కాదు, ఆ అంతస్తు పటంలో కనిపించిందని. తెలుగు టీవీ ఒక్క అక్షరం కూడా తీసేయకుండా యథాతథంగా చదివే వాక్యం ఇదొక్కటే. రైతుకి పనికొచ్చే ‘ఒకటి రెండు చోట్ల’ని కత్తిరించి, ఎవరికీ అక్కర్లేని 3.1ని భద్రంగా ఉంచారు. అర్థం కానిదాన్ని ముట్టుకోవడానికి డెస్కులో అందరికీ భయం. అప్పట్లో నాకూ భయమే.

తుపాను వస్తే ఈ తికమక ఇంకా పెద్దదవుతుంది. 2009 నుంచి ఐఎండీ తుపాను దారి గీతతో పాటు గరాటు ఆకారంలో ఒక ప్రాంతాన్ని కూడా గీసి ఇస్తోంది. రోజులు ముందుకెళ్లే కొద్దీ వెడల్పవుతుంది. తుపాను పెద్దదవుతోందని చాలామంది అనుకుంటారు. కాదు, అనుమానం పెద్దదవుతోంది. తుపాను కేంద్రం ఆ గరాటులో ఎక్కడైనా ఉండొచ్చని దాని అర్థం. గరాటు బయట ఉన్నవాళ్లకి వాన రాదని అది ఎక్కడా చెప్పదు. టీవీలో సాధారణంగా గరాటు తీసేసి మధ్య గీత ఒక్కటే ఉంచుతారు, దాని కొసన తిరిగే చక్రం పెడతారు. ఇక అందరి చూపూ ఆ కొస తాకే ఊరి మీదే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజులూ చానెళ్ల మైకులన్నీ తీరంలోనే ఉన్నాయి. మర్నాడు మునిగింది వరంగల్, హనుమకొండ. తీరం నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. గీత మీద చూపు పెట్టినవాళ్లకి తీరం దాటగానే కథ అయిపోయింది. వానకి అప్పుడే మొదలైంది.

ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల కథ ఇంకా విచిత్రం. ‘విశాఖలో అయిదో నంబరు’, ‘కాకినాడలో ఏడో నంబరు’ అని స్క్రోలింగ్ వస్తుంది. ఏడు అయిదు కంటే పెద్దది కాబట్టి ప్రమాదం ఎక్కువని ఇళ్లల్లో లెక్కలేస్తారు. మొత్తం 11 నంబర్లున్నాయి. ఒకటి, రెండు దూరంగా ఉన్న ముప్పుకి. మూడు, నాలుగు ఆ రేవుకే వచ్చే ముప్పుకి. అయిదు, ఆరు, ఏడు మూడూ ప్రమాదంలో ఒకే స్థాయి. తేడా దిక్కులో. తుపాను రేవుని ఎడమకి వదిలి తీరం దాటుతుందంటే అయిదు, కుడికి వదిలితే ఆరు, రేవు మీదుగా గానీ దగ్గరగా గానీ దాటుతుందంటే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా ఇదే వరస, స్థాయి మాత్రం మహా ప్రమాదం. పదకొండు అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఓడ నడిపేవాడికి రాసిన భాష ఇది. గాలి ఏ వైపు నుంచి కొడుతుందో తెలిస్తే అతను ఓడని ఎటు తిప్పాలో చూసుకుంటాడు. హాల్లో కూర్చుని చూసేవాడికి అది స్కోరు బోర్డు.

ఒకప్పుడు తుపానులకి పేర్లు కూడా ఉండేవి కావు. ఉత్తర హిందూ మహాసముద్రంలో పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. ఈ మార్పు మాత్రం మంచికే జరిగిందంటాను. హుద్‌హుద్ అంటే విశాఖలో చిన్న పిల్లలకి కూడా 2014 అక్టోబరు 12 గుర్తొస్తుంది. పేరుంటే గుర్తుంటుంది, గుర్తుంటే ఈసారి భయం సరైన కొలతలో ఉంటుంది.

స్టూడియోల విషయానికొస్తే, 2023 జూన్‌లో గుజరాత్ వైపు బిపర్జాయ్ వచ్చినప్పుడు ఒక హిందీ చానెల్ యాంకరు స్టూడియోలో గొడుగు పట్టుకుని, లేని గాలికి ఊగిపోతూ వార్తలు చదివిన వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. అందరం నవ్వుకున్నాం. అదే తరహా సాంకేతికతతో ఇంకో పని కూడా చేయవచ్చు. 2018 సెప్టెంబరులో ఫ్లోరెన్స్ హరికేన్ అమెరికా తూర్పు తీరానికి వస్తున్నప్పుడు అక్కడి వెదర్ చానెల్ ఉప్పెనని చూపించింది. ప్రెజెంటర్ స్టూడియోలో వీధి మధ్యన నిలబడి ఉన్నట్టు కనిపిస్తారు. నీళ్లు మూడడుగులు వస్తే ఎక్కడిదాకా, ఆరడుగులైతే ఎక్కడిదాకా, తొమ్మిదడుగులైతే మనిషి నెత్తి మీద నుంచి ఎలా పోతాయి, కార్లు ఎలా తేలతాయి అని ఆ మనిషి చుట్టూనే నీళ్లు పెంచుతూ పోయారు. ‘తొమ్మిదడుగుల ఉప్పెన’ అని వినడం వేరు, నిలబడ్డ మనిషి పక్కన ఆ నీళ్లు చూడడం వేరు.

దివిసీమని ఊడ్చేసింది గాలి కంటే నీళ్లు. అయిదు మీటర్ల నీళ్లు. గుడిసె కప్పు మీద నుంచి పోయేంత ఎత్తు. ‘రెండు మూడు మీటర్ల మేర అలలు ఎగసిపడే అవకాశం’ అని మన చానెళ్లలో ఇప్పటికీ వాక్యంగానే వస్తుంది. ఒక నాగాయలంక వీధి బొమ్మ, అందులో ఒక మనిషి, ఆ పక్కన నీటి గీత. గొడుగుకి పెట్టిన డబ్బుతో ఇది అయిపోతుంది.

మాటకొస్తే, ఈ కళ మొదలైన చోట కూడా దారి తిన్నగా సాగలేదు. 1954 జనవరి 11న బీబీసీ తెర మీదకి తొలిసారిగా ఒక వాతావరణ నిపుణుడు వచ్చాడు. పేరు జార్జ్ కౌలింగ్. పటం మీద బొగ్గుముక్కతో గీస్తూ, రేపు గాలి బాగా ఉంటుంది, ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి మంచి రోజు అన్నాడట. గాలి వేగం ఎంతో కాదు, దానితో మీకేం పని పడుతుందో చెప్పాడు. ఈమధ్య ప్రపంచమంతా ‘ప్రభావం ఆధారంగా సూచన’ అని పెద్ద పేరు పెట్టి నేర్చుకుంటున్నది అదే. 1975లో అయస్కాంతపు మబ్బు బిళ్లలు వచ్చాయి. 1985లో కంప్యూటర్ బొమ్మలు. 2005లో మ్యాపుని త్రీడీ చేసి కాస్త వంచారు. వంచేసరికి దక్షిణ ఇంగ్లండ్ పెద్దదై, పైనున్న స్కాట్లాండ్ చిక్కిపోయింది. ‘మా దేశం ఏది’ అని స్కాట్లాండ్ వాళ్లు గొడవ చేస్తే వంపు తగ్గించాల్సొచ్చింది. మ్యాపుని ఏ కోణంలో చూపిస్తామన్నది కూడా ఒక మాటేనని వాళ్లకి అప్పుడు తెలిసింది.

అయితే శాతాలు పెట్టేస్తే సరిపోతుందా? అమెరికాలో 1960ల నుంచీ ‘వాన పడే వీలు 30 శాతం’ అని చెబుతున్నారు. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లు దానికి బాగా అలవాటు పడ్డారు. కానీ 2005లో అయిదు నగరాల్లో జనాన్ని ‘30 శాతం అంటే ఏమిటి’ అని అడిగితే, న్యూయార్క్‌లో ఎక్కువమంది ‘రేపటిలాంటి రోజులు పది వస్తే మూడింటిలో వాన పడుతుంది’ అని సరిగ్గా చెప్పారు గానీ యూరప్ నగరాల్లో చాలామంది ‘రేపు 30 శాతం సమయం పడుతుంది’ అనో ‘30 శాతం చోట్ల పడుతుంది’ అనో అన్నారు. అంకె ఒక్కటే చాలదు, దేనిలో అంత శాతమో కూడా చెప్పాలి. ఆ విషయంలో మన ‘ఒకటి రెండు చోట్ల’ నిజానికి మెరుగు. చోట్లు అని చెప్పేసింది.

ఇప్పుడు బాబాయి టీవీ తక్కువ చూస్తున్నాడు. ఊళ్లో కుర్రాళ్లు పెట్టిన వాట్సాప్ గ్రూపులో, సొంతంగా వాతావరణం చెప్పే వెదర్‌మ్యాన్‌ల పోస్టులు వస్తాయి. వాళ్లలో కొందరు నిజంగా బాగా చెబుతారు. ‘సాయంత్రం నాలుగు తర్వాత, గుంటూరు వైపు నుంచి మొదలై, కొన్ని ఊళ్లకే’ అని మనిషి మాట్లాడినట్టు రాస్తారు, తప్పయితే తప్పయిందని మర్నాడు ఒప్పుకుంటారు. కొందరు మాత్రం పదిహేను రోజుల ముందే మోడల్ బొమ్మ ఒకటి పెట్టి, ‘మహా తుపాను’ అని రీలు చేస్తారు. అంత ముందు మోడల్ గీసిన తుపానుల్లో చాలావరకు బొమ్మలోనే పుట్టి బొమ్మలోనే పోతాయి.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయన ఫోన్‌లో ఐఎండీ బులెటిన్ తెరిచి, చివరి పేజీ దాకా జరిపి చూపించాను. అక్కడ చిన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది, ఇంగ్లిష్‌లో. ఎన్ని చోట్ల అంటే ఎంత శాతం, ఏ మాట అంటే ఎంత వీలు, భారీ అంటే ఎన్ని మిల్లీమీటర్లు అని. నేను డెస్కులో ఉన్నన్నేళ్లూ ఆ పేజీ ప్రింటయి మా బల్ల మీదకి వచ్చేది. దాని వెనక వైపు తెల్లగా ఉండేది కాబట్టి ఫోన్ నంబర్లు రాసుకునేవాళ్లం.